ఆవిడ పేరు తీసేయండి

బ్యాంకులో లోన్ల ఆఫీసరు ఆమె కంటే పదేళ్లు చిన్నది. కంప్యూటరు వైపు ఒకసారి, ఆమె భర్త వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "సార్‌ది క్రెడిట్ స్కోరు చాలా బాగుంది. మేడమ్‌దే కొంచెం... ఆవిడ పేరు తీసేస్తే ఇంటి లోను తొందరగా అయిపోతుంది సార్."

"తీసేయండి" అన్నాడాయన, పక్కనున్న ఆమె వైపు చూడకుండానే.

ఆమె చెవులు వేడెక్కాయి. వెనక వరసలో నిలబడ్డవాళ్లందరూ వినేశారనిపించింది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్న మనిషి, ఊళ్లోవాళ్ల ఎముకలన్నీ చూసిన మనిషి, తన లోపల ఏదో బయటపడిపోయినట్టు చేతిసంచి ఒళ్లోకి లాక్కుని ముడుచుకు కూర్చుంది.

స్కూటరెక్కాక ఆయన మొదలుపెట్టాడు. "నేను ఇంతవరకు ఎవరికీ ఒక్క పైసా బాకీ లేను. మనిషన్నాక ఒక పద్ధతి ఉండాలి. సర్లే, ఇల్లు నా పేరు మీదుంటే నీది కాకుండా పోతుందా? బిల్డరుకి ముందు కట్టాల్సింది మాత్రం నీ పొదుపులోంచి తియ్యి."

"అలాగేనండీ" అంది.

ఇంట్లో అత్తగారు విని నిట్టూర్చింది. "క్రెడిట్ కార్డు చేతిలో ఉంటే ఏవేవో కొనబుద్ధేస్తుంది మరి." ఆ మాట నిజమేనేమో అనుకుంది ఆమె. ఎప్పుడో కొన్న మెత్తటి చెప్పులు గుర్తొచ్చాయి. ఎక్స్‌రే గదిలో రోజంతా నిలబడాలి కదా అని కొన్నవి. వాటికే ఇంత శిక్షా?

మర్నాడు భోజనాల వేళ, గది తలుపు వేసుకుని, తన క్రెడిట్ రిపోర్టు ఫోనులో తెరిచింది. రోగం బయటపడుతుందేమోనని భయపడే మనిషిలా కళ్లు సగం మూసుకుని చూసింది. చెప్పుల కోసం వెతికింది. అవి ఆ నెలే తీరిపోయాయి. ఆలస్యమైనవి వేరే. అత్తగారి కంటి ఆపరేషను. కూతురి కాలేజీ ఫీజు. ఆయన ఉద్యోగం మారినప్పటి నాలుగు నెలల ఇంటి అద్దె. ప్రతిదాని వెనకా ఆయన మాట వినబడింది. "ప్రస్తుతానికి నీ కార్డు గీకు, జీతం రాగానే ఇచ్చేస్తా." జీతాలు వచ్చాయి, వెళ్లాయి. గుర్తుచేస్తే "మొగుణ్ణి వడ్డీవ్యాపారిలా పీడిస్తావేం" అని నవ్వేవాడు. ఆమే సిగ్గుపడి ఊరుకునేది. కనీస మొత్తం మాత్రం కడుతూ, ఒక్కో నెల అదీ కట్టలేక, ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. ఎప్పుడో తీరిపోయిన ఫ్రిజ్ లోను కూడా ఇంకా బాకీ అనే ఉంది. దానికీ ముందు తన తప్పేమిటా అనే వెతుక్కుంది.

కార్డు ఆఫీసుకి ఫోను చేసింది. అవతలి మనిషి హుషారుగా ఉన్నాడు. "సగం కట్టండి మేడమ్, సెటిల్ చేసేద్దాం."

"అప్పుడు రిపోర్టులో ఏమని వస్తుంది?"

"సెటిల్డ్ అని."

"అంటే, మొత్తం కట్టలేదనేగా?"

అతను కాస్త తడబడ్డాడు. "అంతే మేడమ్. మొత్తం కడితే క్లోజ్డ్ అని వస్తుంది. కానీ పాత ఆలస్యాలు వెంటనే పోవు. స్కోరు పెరగడానికి టైం పడుతుంది."

"పట్టనివ్వండి" అంది.

మొత్తం కట్టేసింది. ఫ్రిజ్ అప్పు తీరినట్టు ఇచ్చిన కాగితం బీరువాలోంచి వెతికి తీసి, రిపోర్టు కంపెనీకి ఫిర్యాదు పంపింది. పంపుతున్నంతసేపూ దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపు చూస్తూనే ఉంది.

వారం తిరిగేసరికి, భోజనాల దగ్గర ఆయన అడిగాడు. "బిల్డరు తొందరపెడుతున్నాడు. ఆ డబ్బు తీశావా?"

"తీశాను. నా కార్డు బాకీ కట్టేశాను."

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదండీ. అత్తయ్య ఆపరేషనూ, పిల్ల ఫీజూ, మన అద్దే కదా అందులో ఉన్నవి." అత్తగారు తల దించుకుంది. ఆవిడను అలా చూడటం కూడా ఆమెకు సిగ్గుగానే అనిపించింది. "నా స్కోరు బాగయ్యాక మళ్లీ అప్లై చేద్దాం. ఇద్దరి పేర్లతో."

"అప్పటిదాకా ఈ అద్దె కొంపలోనేనా?"

"ఇక్కడే ఉందాం" అంది. "ఈసారి అద్దె మీరు కట్టండి."

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.