పసుపు రాసిన బియ్యం

కలకత్తా వాట్‌గంజ్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం గుడికి తెచ్చి, పీఠం పక్కనున్న పెద్ద డబ్బాలో పోస్తారు. ఈస్టరు నాడు ఆ బియ్యమే వండుకొని అందరూ వరసగా కూర్చుని తింటారు. దానికి ప్రేమవిందు అని పేరు.

రోజమ్మ ఇంట్లో ఆ పిడికెడు తీసేది ఆమె అత్త దాలమ్మ. ముసలిదానికి కళ్లు సగం పోయాయి. అయినా రేషను బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరేది. పురుగు పట్టకుండా కాస్త పసుపు రాసేది. ఇంట్లో గంజికే చాలని రోజున కూడా ముందు దేవుడిది తియ్యందే పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో ఆమె, మొగుడూ ఖిదిర్‌పూర్ పాకీదొడ్లు ఎత్తారు. ఇప్పుడు రోజమ్మ వీధులు ఊడుస్తోంది. రేవులో పనిచేసే తెలుగువాళ్లు, ఒకే ఊరివాళ్లయినా సరే, వీళ్లని గడప దాటనివ్వరు. గుడిలో మాత్రం తన గింజలు అందరి గింజలతో కలిసి ఉడికి అందరి కడుపులోకీ వెళ్తున్నాయని దాలమ్మ గర్వం. బతుకంతా పట్టుకుని వేలాడింది ఆ ఒక్క గర్వాన్నే.

రోజమ్మకు ఇంకో గర్వం. మిగతావాళ్లు ఎవరి బియ్యం వాళ్లే డబ్బాలో పోసుకోవాలి. ఆమె సంచిని మాత్రం సంఘపెద్ద భార్య దెబోరా గుమ్మం దగ్గరికే ఎదురొచ్చి అందుకుంటుంది. ఏళ్ల తరబడి అంతే. అది మర్యాద అనుకుంది పిచ్చిది.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి ఎనిమిదేళ్లయిన ఆ సంవత్సరం, క్రిస్మసుకు పెద్ద రోడ్డు మీది ఇంగ్లీషు చర్చిలో అన్ని సంఘాలకూ కలిపి ఆరాధన పెట్టారు. తెలుగువాళ్లు ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లారు. లోపల బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డవాడొకడు వీళ్ల మొహాలు చూసి, కాలో మద్రాజీలు, అంటే నల్ల మద్రాసీలు, వరండాలో కూర్చోవచ్చన్నాడు. కూర్చున్నారు. ఏం చేస్తారు?

సంఘపెద్ద యేసురత్నం రేవులో క్రేను నడిపేవాడు, యూనియన్ మనిషి. అతనికి నిద్ర పట్టలేదు. బిషప్పుకు అర్జీ రాశాడు. ‘దేవుని ఇంట రంగు చూచుట పాపము’ అన్నది మొదటి వాక్యం. సంఘంలో ప్రతి ఒక్కరూ సంతకమో వేలిముద్రో వెయ్యాలన్నాడు.

ఈస్టరుకు ముందు శ్రమకాలంలో ఒక శనివారం, డ్యూటీ దిగి, వేలిముద్ర వెయ్యడానికని రోజమ్మ గుడి వెనక పాస్టరుగారి పెరట్లోకి వెళ్లింది. అక్కడ దెబోరా సంఘం కోళ్లకు గింజలు చల్లుతోంది. గింజలు పచ్చగా ఉన్నాయి. ఆమె చేతిలో ఉన్నది ఖాకీ గుడ్డ సంచి. చచ్చిపోయిన మొగుడి యూనిఫారం చింపి రోజమ్మ కుట్టుకున్న సంచి అది.

“అమ్మా, అది మాయత్త బియ్యం గదా.”

దెబోరా సంచిని వెనక్కి దాచబోయి ఊరుకుంది. “నాను పెట్టిన పద్ధతి కాదే రోజమ్మా. మాయత్త కాలం నుంచీ ఇంతే. మీది కలిపితే మేం తినం అనీవోలున్నారు, ఏటి సెయ్యమంటావు?”

“మరి కోడి తింటే?”

ఆ కోళ్ల గుడ్లు పెద్దలందరి ఇళ్లకూ వెళ్తాయి. కోడి కడుపులో పడి వస్తే గింజకు అంటు పోతుంది కాబోలు.

రోజమ్మ వేలిముద్ర వెయ్యకుండా ఇంటికొచ్చింది. నెల రోజులుగా దాలమ్మ మంచం మీదే ఉంది. కోడలి అడుగుల చప్పుడు విని, ఈ ఈస్టరుకు తాను ఉండనని, పిడికెడు మాత్రం మానొద్దని, అది ఉడికిందని తన చెవిలో చెబితే చాలని అంది. రోజమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు ఆరాధన అయ్యాక యేసురత్నం అర్జీ చదివాడు. ఆమెన్, ఆమెన్ అన్నారు జనం. వేలిముద్రలకు పిలిస్తే చివరి చాప మీంచి రోజమ్మ లేచింది.

“బాబూ, వరండాలో కూకోబెట్టినారని మీకింత కోపమొచ్చింది. మా బియ్యం కోళ్లకేసినారని నాను అర్జీ ఎవులికెట్టాల?”

యేసురత్నానికి ఈ సంగతి తెలియక కాదు. తెలుసు. అది అన్యాయంలా అతనికి ఎన్నడూ కనబడలేదు, అంతే. పాస్టరుగారు ముందు ప్రార్థన చేసి తర్వాత ఆలోచిద్దామన్నారు. ముందు బియ్యం డబ్బాలో పొయ్యండి, ప్రార్థన ఎక్కడికీ పోదని రోజమ్మ అంది. ఎవరో పాకీదానికి నోరెక్కువైందన్నారు. ఇంకెవరో అదే డబ్బాలో పోస్తే సంఘం మానేస్తామన్నారు. ఆ మాటలన్నీ యేసురత్నం వింటూ కూర్చున్నాడు. క్రిస్మసు నాడు చర్చి తలుపు దగ్గర విన్న గొంతు తన మనుషుల్లోనే వినబడుతోంది. తన ఇంట్లోనూ వినబడుతోంది.

చివరికి కలం తీసి, ‘రంగు చూచుట పాపము’ అన్న వాక్యానికి పైన ఇంకో వాక్యం రాశాడు. ‘ఈ పాపము ముందు మేమే చేసితిమి.’ గట్టిగా చదివాడు. ఈ ఈస్టరు నుంచి ఒకటే డబ్బా అన్నాడు. కొందరు అక్కడికక్కడే వచ్చి తమ సంతకాలు కొట్టేసుకుని వెళ్లిపోయారు. రోజమ్మ ముందుకొచ్చి వేలు సిరాలో ముంచింది.

శుభశుక్రవారం నాటికి దాలమ్మకు మాట సన్నబడింది. రోజమ్మ ఆమె చెవి దగ్గర కూర్చుని చెప్పింది. “ఈసారి నీ పిడికెడు తప్పకుండా ఉడుకుతాదత్తా.”

ముసలిది కళ్లు తెరిచింది. “ఈసారేటే? ఏటేటా ఉడుకుతాంది గదా.”

నిజం రోజమ్మ నోటి దాకా వచ్చింది. అది చెబితేనే కదా తాను గెలిచిందేమిటో అత్తకు అర్థమయ్యేది. చెబితే ఇన్నేళ్ల పిడికెళ్లన్నీ ఒక్కసారిగా కోళ్ల పాలవుతాయి.

“అవునత్తా. ఏటేటా ఉడుకుతాంది.”

శనివారం పొద్దున్నే దాలమ్మ పోయింది. సాయంత్రం మట్టి చేశారు. మోసినవాళ్లలో యేసురత్నం ఒకడు.

ఆదివారం తెల్లారగానే దెబోరా రోజమ్మ ఇంటి గడప దాటి లోపలికొచ్చింది. మొదటిసారి. ఖాకీ సంచి తిరిగిచ్చి, బియ్యం తీసుకెళ్దామని వచ్చానంది. కుండ అడుగున దాలమ్మ చేత్తో పసుపు రాసిన బియ్యం మిగిలింది ఒక్క పిడికెడే. రోజమ్మ దాన్ని ఖాకీ సంచిలో పోసుకుని, దెబోరా చేతికివ్వకుండా తానే తీసుకెళ్లి డబ్బాలో పోసింది.

విందులో సగం విస్తళ్లు ఖాళీ. వచ్చినవాళ్లు వచ్చారు. యేసురత్నం రోజమ్మ పక్కనే కూర్చుని తలొంచుకుని తిన్నాడు. దెబోరా మొదటి ముద్ద రోజమ్మ విస్తట్లోనే వడ్డించింది. తెల్లటి అన్నంలో అక్కడక్కడా పచ్చటి మెతుకులు. రోజమ్మ వాటిని వేలితో ఏరి ఒక పక్కకు చేర్చింది. నోట్లో పెట్టుకుంది. ఆ ఒక్క ముద్దతోనే లేచింది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. నడుముకు దోపుకున్న ఖాకీ సంచిని చూసి కోళ్లు పరిగెత్తుకొచ్చి కాళ్ల చుట్టూ మూగాయి. దాలమ్మ బియ్యం రుచి బాగా తెలిసినవి ఈ సంఘంలో అవే. రోజమ్మ సంచి తిరగేసి దులిపింది. ఒక్క గింజ కూడా రాల్లేదు. అయినా అవి ఆమెను వదల్లేదు.