పడబోయే దెబ్బ

ఆ క్వార్టర్లలో అందరూ ఆవిడకు పెట్టిన పేరు గొడుగమ్మ. ఆకాశంలో వేలెడు మబ్బు లేకపోయినా గొడుగు లేనిదే గడప దాటదు, ఇంట్లోవాళ్ళను దాటనివ్వదు. తాళం వేశాక మెట్లు దిగి, మళ్ళీ ఎక్కివచ్చి తాళాన్ని లాగి చూస్తుంది. ఫోను మోగితే ఎత్తకముందే గుండె పట్టుకుని "ఎవరో పోయే ఉంటారు" అంటుంది. తీరా చూస్తే గ్యాసు బండ తెచ్చేవాడు.

ఆవిడ గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. కూతురు బళ్ళో చదివే రోజుల్లో విహారయాత్రకు బస్సు కట్టారు. బస్సు లోయలో పడుతుందని ఈవిడ పిల్లను పంపలేదు. బస్సు వెళ్ళింది, వచ్చింది, పిల్లలంతా కేరింతలు కొడుతూ దిగారు. "చూశావా, ఏమీ కాలేదు!" అని కూతురు ఏడిస్తే, "నేను ఆపాను కాబట్టే కాలేదు" అంది. సిటీ బస్సు నడిపే మొగుడు "నువ్వు ఆపింది పిల్లనే, బస్సును కాదు" అని ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ కూతురే ఇప్పుడు సైన్యం పెద్దాఫీసులో న్యాయవిభాగం అధికారి. ఈ క్వార్టర్లు ఆ ఆఫీసువే. తుపాకీ ముట్టుకునే పని లేదన్నాకే తల్లి ఆ ఉద్యోగానికి సరేనంది. సైన్యం ఏ పని తలపెట్టినా అది చట్టానికి లోబడి ఉందో లేదో ఆ విభాగం చెప్పాలి. వాళ్ళు కుదురుతుందని సంతకం పెట్టనిదే దాడికి ఆజ్ఞ ఇవ్వకూడదని నియమం.

కొన్నాళ్ళుగా నది అవతలి దేశం ఒడ్డు పొడుగునా సైన్యాన్ని పోగేస్తోంది. కసరత్తు అని అవతలివాళ్ళు అంటున్నారు. కసరత్తు కాదు, దండయాత్ర, వాళ్ళు రాకముందే మనమే వెళ్ళి కొట్టాలి అని ఇవతలి టీవీలు గొంతు చించుకుంటున్నాయి. గొడుగమ్మకు ఆ నది అవతలే సొంత అక్క ఉంది. ఏనాడో పెళ్ళయి వెళ్ళింది. పిల్లలూ మనవలూ అందరూ అక్కడే.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. పక్కనే తండ్రి కంచం ముందు కూర్చున్నాడు.

"ఏమే, యుద్ధం వస్తుందా?" అంది తల్లి, గరిటె చేతిలోనే ఉంచుకుని.

"ఆఫీసు సంగతులు అడగొద్దన్నానా అమ్మా?"

"ఆఫీసు ఎవరడిగారు? యుద్ధం అడిగాను."

"టీవీలో అయితే నిన్ననే గెలిచేశాం" అన్నాడు తండ్రి. "మీసాలాయన ఒకడు మ్యాపు మీద కర్ర తిప్పి మూడు రోజుల్లో తేల్చేశాడు. అంత తొందరగా నా బస్సు డిపో నుంచి రైల్వే స్టేషనుకు కూడా పోదు."

కూతురు నవ్వలేదు. ఇస్త్రీపెట్టెను చొక్కా మీద అదిమింది. "ఆ మీసాలాయన ఒక్కడే అయితే బాగుండేది నాన్నా. మూడు రోజుల్లో వాళ్ళ విమానాలు లేవకుండా చేస్తాం అంటున్నారు. సరే, నాలుగో రోజు సంగతేంటి అంటే ఒక్కడూ నోరు విప్పడు. వాళ్ళ వెనకున్న పెద్ద దేశం చేతులు కట్టుకుని చూస్తుందా? మనకు చమురొచ్చే సముద్రదారి వాళ్ళ చేతుల్లోనే ఉంది కదా? రేపు ఇంకెవడో ఇదే సాకుతో మన మీద పడితే, అన్యాయం అని ఏ మొహం పెట్టుకుని అరుస్తాం?"

"అయితే వాళ్ళు కొట్టేదాకా కూర్చోవాలా?" అంది తల్లి. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"అమ్మా, నీ మీదకి ఎవడో కర్ర ఎత్తాడనుకో. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. వాడి చెయ్యి పట్టుకోవచ్చు, తప్పదనుకుంటే కొట్టొచ్చు. కానీ వాడింట్లో కర్ర ఉంది, ఎప్పటికైనా కొడతాడేమో అని వాడిల్లు తగలబెడితే?"

"వాడు కొట్టే రకమే అయితే?"

"ఎత్తిన కర్ర చూపించండి అంటున్నాన్నేను. ఎవరూ చూపించట్లేదు. చూపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది అంటున్నారు. అచ్చం నీలాగే!"

"పోనీ మీ అమ్మను సేనాపతిని చేసెయ్యండి. శత్రువు పుట్టకముందే గొడుగుతో వాడి మీద పడుతుంది" అన్నాడు తండ్రి.

కూతురు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి గొంతు తగ్గించింది. "గురువారం మీటింగులో కుదరదు అని చెప్పబోతున్నాను. ఈ పని నా మీద పెట్టారు కాబట్టి నేను కుదరదంటే ఆగాలి. ఆ తర్వాతి వారం మూడో దేశంలో చర్చలున్నాయి. అప్పటిదాకా ఆపగలిగితే చాలు. ఈ మాట ఈ గోడలు దాటకూడదు అమ్మా. ఒట్టు."

తల్లి తలూపింది. అప్పటి నుంచి ఆవిడకు అదే ధ్యాస.

ఆవిడకు భయం ఒకటైతే సర్దుకునేది. పిల్ల కుదరదంటే, చర్చలు చెడి అవతలివాళ్ళు నిజంగానే వచ్చి పడితే, ఊరంతా తన పిల్ల మీదే పడుతుంది. ద్రోహి అంటారు, కిటికీల మీద రాళ్ళేస్తారు. పోనీ కుదురుతుందని రాసి యుద్ధం ఓడిపోతే, కుదురుతుందన్నదెవరు అని మళ్ళీ తన పిల్లనే లాక్కెళతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలు ఆ కుర్చీలో తన పిల్ల లేకపోతే? కుదురుతుందనో కుదరదనో ఇంకెవరి బిడ్డో చెప్పుకుంటుంది. బస్సు వెళితే వెళ్ళనీ, తన పిల్ల మాత్రం అందులో ఉండకూడదు.

బుధవారం పొద్దున కూతురు ఆఫీసుకు వెళ్ళగానే ఆవిడ పై అంతస్తుకు ఎక్కింది. న్యాయవిభాగం పెద్దసారు ఇల్లు అది. ఆయన భార్య తలుపు తీసింది.

"రండి అక్కగారూ! గొడుగేదీ? ఇంట్లో మర్చిపోయారా?"

"నవ్వకండమ్మా. ఒక్క మాట చెప్పి పోతాను. సారుతో చెప్పి మా పిల్లను ఈ పని నుంచి తప్పించండి."

"ఏ పని?"

"అదే, కొట్టొచ్చో కూడదో రాసిచ్చే పని. పిల్ల నిద్రపోవట్లేదు, తినట్లేదు."

పెద్దసారు భార్య కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. ఆవిడది చెడ్డ మనసు కాదు, కాకపోతే విన్నది మనసులో దాచుకునే రకం కాదు. "ఎందుకంత బాధపడుతోంది? ఆయనేమో మీ అమ్మాయిని తెగ మెచ్చుకుంటారు."

బాధకు ఒక కారణం చెప్పాలి. కుదరదనబోతోందని చెప్పకూడదు, ఒట్టేసింది. ఒట్టుకు అడ్డం రాని కారణం, ఎవరికైనా జాలి పుట్టే కారణం ఏదైనా ఉందా అని గొడుగమ్మ వెతుక్కుంది. నోటికి దొరికింది.

"మా అక్క నది అవతలే ఉంది కదమ్మా. చిన్నప్పుడు సెలవుల్లో పిల్ల అక్కడే పెరిగింది. ఇప్పుడు పెద్దమ్మ మీద బాంబులు పడతాయంటే దాని మనసు ఊగదా? ఆడపిల్ల కదా."

"అయ్యో పాపం" అంది పెద్దసారు భార్య. నిజంగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు బెంగపెట్టుకోకండి. ఆయనతో నేను చెబుతానుగా."

గొడుగమ్మ తేలిక పడి మెట్లు దిగింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

గురువారం కూతురు మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పైకెళ్ళావా?"

తల్లి చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"మీటింగులో పెద్దసారే చెప్పాడు, అందరి ముందు, ఎంతో దయగా! ఈ అమ్మాయి బంధువులు అవతల ఉన్నారు, మనసు చలించిపోయింది, స్వయానా తల్లే వచ్చి చెప్పింది, ఇలాంటప్పుడు ఈమె మీద భారం వెయ్యడం న్యాయం కాదు అన్నాడు. ఆ పని నా పక్కన కూర్చున్నవాడికి ఇచ్చారు. వాడు నా కాగితాలు తెరిచి కూడా చూడలేదు. కుదురుతుంది అన్నాడు. టీ చల్లారేలోపు అయిపోయింది."

"నువ్వు మాట్లాడలేదా?"

"మాట్లాడాను! ఎత్తిన కర్ర చూపించమన్నాను. మీ పెద్దమ్మ క్షేమంగా ఉంటుందిలేమ్మా అన్నాడొకడు. అందరూ తలలు వంచుకున్నారు. ఇంకేం మాట్లాడమంటావు? నేనేం చెప్పినా అది చట్టం కాదు ఇక, పెద్దమ్మ మీద ప్రేమ. పెద్దమ్మ సంగతి ఉద్యోగంలో చేరేటప్పుడే నేనే చెప్పాను. ఎవరికీ పట్టలేదు. నువ్వే వాళ్ళ చేతికిచ్చావు."

"నీకేమైనా అవుతుందేమోనని..."

"ఏం చూసి? నాకేమవుతుందని ఎవరైనా అన్నారా నీతో?"

"అనలేదు. అనేదాకా ఆగితే..." అని తల్లి ఆగిపోయింది.

శుక్రవారం తెల్లవారుతూనే విమానాలు వెళ్ళాయి. మొదటి రెండు రోజులు టీవీలో మీసాలాయన కర్ర ఆగలేదు. అవతలి విమానాశ్రయాలు పోయాయి, వంతెనలు పోయాయి. కసరత్తుకొచ్చిన సైనికుల గుడారాలు మాత్రం ఖాళీగా దొరికాయి. వాళ్ళు అంతకుముందు రోజే ఇళ్ళకు బయల్దేరారని ఎక్కడో ఒక విదేశీ రేడియో చెప్పింది. ఇవతలి టీవీలు ఆ మాట ఎత్తలేదు. ఆదివారం నాటికి వెనకున్న పెద్ద దేశం సముద్రదారి మూసేసింది. సోమవారం ఇవతలి రేవులో చమురు ట్యాంకులు అంటుకున్నాయి. ఆ పొగ క్వార్టర్ల దాకా వచ్చింది. తండ్రి డిపోకు వెళ్ళి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. బస్సుల్లో పోయడానికి చుక్క లేదు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, డ్యూటీ సంచీ మేకుకు తగిలించి మంచమెక్కాడు. అక్క ఫోను మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు.

గొడుగమ్మ మళ్ళీ పై అంతస్తుకు ఎక్కింది. ఈసారి కోపంతో. పెద్దసారు భార్య స్టూలెక్కి, అద్దాలు పగిలి మీద పడకుండా కిటికీకి అడ్డంగా టేపు అంటిస్తోంది. టేపు మెలికలు పడుతోంది.

"నా మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అంది గొడుగమ్మ గుమ్మంలోంచే. "మా పిల్ల మనసు ఊగలేదు. అది నేను కల్పించాను. సారుతో చెప్పండి."

"ఎక్కడ చెప్పను అక్కగారూ? ఆయన ఇంటికి రాక మూడు రోజులైంది. మా పెద్దాడు విమానాల దగ్గరున్నాడు, వాడి కబురూ లేదు. కాస్త ఈ చివర పట్టుకోండి, ఊడిపోతోంది."

తిట్టడానికి వచ్చిన మనిషి టేపు చివర పట్టుకుంది. వెనక టీవీలో మంత్రి మాట్లాడుతున్నాడు. "మనం ముందు కొట్టాం కాబట్టే వాళ్ళు ఇంతకన్నా గట్టిగా కొట్టలేకపోయారు. ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి."

గొడుగమ్మ చెయ్యి టేపు మీదే ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో ఆవిడకు తెలుసు. బస్సు క్షేమంగా తిరిగొచ్చిన రోజు, ఏడుస్తున్న పిల్లతో తను అన్నదే.

కిందికొచ్చి కూతురి ముందు కూర్చుంది. "నేను మీ ఆఫీసుకొస్తాను. భయంతో అబద్ధం చెప్పానని అందరి ముందూ చెబుతాను. ఎవరడిగినా చెబుతాను."

కూతురు తల్లి వైపు తిరిగింది. కోపం పోలేదు, కానీ అరిచే ఓపిక పోయింది. "ఎవరూ అడగరమ్మా. గెలిస్తే అడగాలనిపించదు. ఓడితే అడిగే తీరిక ఉండదు."

మర్నాడు బస్సులు లేవు కాబట్టి కూతురు నడిచే ఆఫీసుకు బయల్దేరింది. ఇప్పుడామెకు పాత ఫైళ్ళ గదిలో పని. రేవు వైపు ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. ఎక్కడో సైరను మోగి ఆగింది. గొడుగమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఈ రోజు వెళ్ళకే అనాలని ఉంది. ఏ ప్రమాదమూ లేని రోజుల్లో లెక్కలేనన్నిసార్లు అన్న మాటే. ప్రమాదం నిజంగా వాకిట్లోకొచ్చిన ఈ రోజు అనడానికి నోరు రాలేదు.

"సాయంత్రం ఎన్నింటికొస్తావు?" అంది.

"ఏమోనమ్మా" అంది కూతురు, మెట్లు దిగుతూ.