నాలుగు లీటర్ల గేదె

గేదె ఎన్ని పాలిస్తుందని వీరవేణిని అడగడం, మెళ్లో నాంతాడు ఎన్ని కాసులని అడగడంలాంటిదే. చెప్పదు గాక చెప్పదు. ఆ మాటకొస్తే నిడదవోలు దగ్గర ఆ ఊళ్లో ఒక్కరు చెబితే ఒట్టు! బయటపెడితే దిష్టి తగిలి పొదుగు ఎండిపోతుందని భయం. ఎవరడిగినా ఊరందరిదీ ఒకటే జవాబు: "ఏదోనండి, రోజుకి నాలుగు లీటర్లు."

పాపం, యూనివర్సిటీ నుంచి వచ్చిన శ్రీసుధకి ఆ సంగతేం తెలుసు? పశువుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. ఊళ్లో పన్నెండు పాకలు ఎంచుకుంది. ఆరు పాకల్లో రోజూ పేడ ఎత్తి, దూరంగా మూత ఉన్న గోతిలో వేసి, నేల కడిగి పొడి ఊక పరుస్తారు. మిగతా ఆరింట్లో పాత పద్ధతే: పేడకుప్ప పాక పక్కన, పేడనీళ్లు పొలాలకి నీళ్లు పారే పంటబోదెలోకి. కొత్త పద్ధతిలో పొదుగువాపు తగ్గి పాలు పెరిగితే ఊరందరికీ గోతులు కట్టిస్తారు, బోదె నీళ్లూ బాగుపడతాయి. వీరవేణిది కొత్త పద్ధతి. పక్కింటి పాపాయిది పాతది. పాపాయి చూపు మంచిది కాదని ఊళ్లో అనుకుంటారు. అందుకే వీరవేణి పాలచెంబు కొంగుచాటునే తెచ్చుకుంటుంది.

ఏడాది తిరిగింది. ఓ సాయంత్రం శ్రీసుధ వచ్చి అరుగుమీద కూలబడింది.

"ఏంటమ్మా, మొహం అలా వేలాడేశావు?"

"అయిపోయింది పిన్నిగారూ. పన్నెండిళ్లలోనూ నాలుగే, ఎప్పుడడిగినా నాలుగే. పేడ ఎత్తినా ఎత్తకపోయినా తేడా లేనప్పుడు ఇంకెందుకు, ఆపెయ్యమన్నారు మా సారు. ఎల్లుండి వెళ్లిపోతున్నాను. గోతులు కూడా ఇంక రావండి."

 నిరుడు పొదుగువాపుతో తన గేదె దక్కుతుందో లేదోనని ఎంత ఏడ్చింది వీరవేణి! ఈ ఏడు పొదుగు ఒక్కసారి వేడెక్కలేదు. ఈ పిల్ల వానలో తడుస్తూ వచ్చి తనతోపాటు పేడ ఎత్తింది. అలాంటి పిల్ల కష్టాన్ని తన నోటితో తనే బోదెలో కలిపేసింది. ఆవిడకి తలెత్తలేనంత సిగ్గేసింది.

"శ్రీసుధమ్మా, నాలుగు కాదే," అంది గొంతు తగ్గించి. "అబద్ధం చెప్పాను. అందరం అబద్ధమే చెప్పాం."

"మరి ఎంత?"

 "పొద్దున్న నువ్వే వచ్చి కొలుచుకో."

"కొత్తవాళ్లుంటే గేదె పాలు చేపదంటారు కదండీ. అందుకేగా పాలు తీసేటప్పుడు నన్నెవరూ రానివ్వంది?"

"నా పాత చీర కట్టుకో. నా వాసనుంటే ఊరుకుంటుంది."

తెల్లారాక గేదె శ్రీసుధని చూసి చెవులు నిక్కించింది, ఒక్క బుస కొట్టింది, మళ్లీ దాణాలో మూతి పెట్టింది. చేపింది! పాలు కొలత డబ్బాలో పోసి చూసి శ్రీసుధ ఎగిరి గంతేసింది. "పిన్నిగారూ, అయిదున్నర! ఒక్క పూటకే!"

"ష్! మెల్లిగా!"

"మెల్లిగా అంటే ఎలాగండీ? మీదొక్కటే చాలదు. పన్నెండిళ్లూ కొలవనిస్తేనే సారు ఒప్పుకుంటారు."

వీరవేణి గేదె మెడ ఓసారి నిమిరింది. తర్వాత పాపాయి ఇంటివైపు దడి దగ్గరికి నడిచింది. 

"పాపాయక్కా! నా గేదె పూటకి అయిదున్నర ఇస్తోంది. నాలుగని అబద్ధమాడాను."

పాపాయి చీపురు పక్కన పడేసి ఇంట్లోకెళ్లింది. గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, సరాసరి వీరవేణి పాకలోకొచ్చి, గేదె చుట్టూ మూడుసార్లు తిప్పి, "థూ! థూ!" అని పెరట్లో పొయ్యిలో వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి.

"నా కళ్ల గురించి ఊరంతా ఏమనుకుంటుందో నాకు వినపడదనుకున్నావటే?"

వీరవేణి బావురుమంది. "తప్పయిపోయిందక్కా!"

"ఏడుపాపు. నేను చెప్పిందీ అబద్ధమే," అని పాపాయి శ్రీసుధ వైపు తిరిగింది. "డబ్బా పట్టుకుని మా పాకలోకి రామ్మా. పూటకి మూడు లీటర్లు దాటవు. తేడా మీ సారుకి చెప్పు. మిగతా పదిళ్లకీ నీ వెంట నేనొస్తాను. కొలవనివ్వకపోతే గుమ్మంలో నిలబడి వాళ్ల గేదెని కళ్లారా చూస్తానని చెబుతాను."

ఆ వారమంతా పాపాయి అన్నంతపనీ చేసింది. ఒక్క గుమ్మంలోనూ ఎవరూ కాదనలేదు.