పర్మిషన్ టేకెన్

నేను ఒక కరెంటు సబ్‌స్టేషన్ రిజిస్టరును. జనగామలోని ఒక బైండింగ్ దుకాణంలో నా రెండు వందల పేజీలు కుట్టి, ఎర్ర గుడ్డతో వీపు అతికించారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు లైనులో కరెంటు ఆపమని అనుమతి అడుగుతాడు, దిగాక వాపసు ఇస్తాడు. ఆ రెండూ నాలో రాస్తారు. రోజంతా తెలుగులో మాట్లాడే ఈ మనుషులు పెన్ను పట్టగానే ఇంగ్లీషులోకి ఎందుకు దిగుతారో నాకు అర్థం కాదు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది వీరభద్రాచారి. పన్నెండున్నరకు లైన్‌మన్ కొమురెల్లి కోసం లైను ఆపి 'పర్మిషన్ గివెన్' అని రాశాడు. ఒకటీ నలభైకి కొమురెల్లి మళ్లీ ఫోన్ చేశాడు. పక్క స్తంభం మీద కూడా తీగ ఊడేలా ఉంది, ఇంకో గంట కావాలన్నాడు. "సరే, చేస్కో" అన్న చారి, 'పర్మిషన్ టేకెన్' అని రాశాడు. కొమురెల్లి అనుమతి తీసుకున్నాడని ఆయన ఉద్దేశం.

రెండింటికి చారి బస్సు కోసం పరుగెత్తాడు. ఉద్యోగంలో చేరి నెల కూడా కాని సుగుణ వచ్చి నన్ను తెరిచింది. ఇచ్చారు, తీసుకున్నారు. అంటే వెనక్కి తీసుకున్నారు, పని అయిపోయింది అనుకుంది. లేచి వెళ్లి స్విచ్చు మీద చెయ్యి వేసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

చెయ్యి అక్కడే ఆగింది. తిరిగొచ్చి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "తీసుకున్నది ఎవరు?" అని గొణిగింది. 'బై' లేదు, 'ఫ్రమ్' లేదు, పేరూ లేదు. చారి ఫోన్ స్విచ్ఛాఫ్. కొమురెల్లి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

ఈలోగా మోటార్లకు కరెంటు కావాలని గేటు ముందు రైతులు చేరారు. పై ఇంజనీరు ఫోన్ చేసి, నాలో రాసింది చదివించుకున్నాడు.

"బుక్కుల రాసి ఉన్నది గద! లైన్ ఇయ్యి."

"రాసింది రెండు తీర్ల అర్థమైతుంది సార్. కొమురెల్లి గొంతు వినేదాంక ఇయ్య."

"నీ మీద మెమో వస్తది!"

"రానియ్యుండ్రి సార్."

నలభై నిమిషాలు. బయట గేటును ఊపుతున్నారు. ఆమె చెమట నా పేజీ మీద పడి సిరా అలుక్కుపోయింది. చివరికి ఫోన్ మోగింది.

"మేడమ్, ఇప్పుడే స్తంభం దిగిన. ఫోన్ బండి డిక్కీల ఉండె. లైన్ ఇచ్చుకోండ్రి."

సుగుణ పెన్ను తీసుకుంది. 'పర్మిషన్ రిటర్న్‌డ్ బై కొమురెల్లి' అని రాసి, అప్పుడు లైను ఇచ్చింది.

మర్నాడు చారి "ఇరవై ఏండ్ల సంది గిట్లనే రాస్తున్న" అంటూ నా పాత పేజీలు తిప్పాడు. కొన్నిచోట్ల 'టేకెన్' అంటే తీసుకోవడం, కొన్నిచోట్ల వెనక్కి తీసుకోవడం. ఏది ఏదో ఆయనకే తేలలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

సాయంత్రం, చారి ఇంకా అక్కడే ఉండగా, కొమురెల్లి వచ్చాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. "నేను మీద ఉన్నప్పుడు రాసింది ఏది మేడమ్?" అని అడిగాడు. సుగుణ చూపించింది. ఆ రెండు మాటల మీద వేలు జరిపాడు.

"దీంట్ల నా పేరు యాడుంది?"

చారి పెన్ను తీసి, ఆ వాక్యం పక్కన ఉన్న ఖాళీలో, తెలుగులో, కొమురెల్లి అని రాశాడు.