నంబరు పట్టిన రుద్రక్క

కుడికాలికి కట్టు పడ్డప్పటి నుంచి మల్లీశ్వరి ఇంటిని రుద్రక్క కాళ్ళే నడిపిస్తున్నాయి. గిర్నీలో పిండి పట్టించాలన్నా, గ్యాస్ బండ తెప్పించాలన్నా పక్కింటి రుద్రక్కే. వాళ్ళది కన్నడం మాట్లాడే ఇల్లు. ఏం చెప్పినా సరేనన్నట్టు "ఆయ్తు" అంటుంది, చెప్పులు తొడుక్కుంటుంది.

ఆ పొద్దు ఎముకల దవాఖానకు పోవాలి. ఎముక అతికితే కట్టు తీస్తానన్నాడు డాక్టరు. అవతల పత్తి ఏరే రోజులు. కాలు వంకర పడితే మళ్ళీ కూలికి ఎవరు పిలుస్తారు?

"అక్కా, నువ్వు ముందుగాల పోయి నంబరు పట్టు. నేను ఆటోల వస్త. నా పేరు పిలిస్తే పోనియ్యకు, మళ్ళ ఎన్కకు తోస్తరు."

"ఆయ్తు. నువ్వు నిమ్మళంగ రా."

మల్లీశ్వరి ఆటో దిగి కుంటుకుంటూ వచ్చేసరికి రుద్రక్క బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటోంది. ఏదో చెప్పబోయింది. అంతలోనే లోపలి నుంచి పిలుపు. ఇద్దరూ పోయారు.

డాక్టరు తలెత్తలేదు. కంప్యూటరులో ఎక్స్‌రే చూస్తున్నాడు. "మంచిగ అతికింది. గీత కూడా లేదు. కట్టు కోసెయ్యండి."

మల్లీశ్వరి కంప్యూటరు వైపు చూసింది. ఎక్స్‌రే ఎప్పుడు తీశారు? పోయినసారిదా? అందులో పగులు తనకే కనబడిందే. ఇందాక ఆటో ఎక్కుతుంటే కూడా ప్రాణం పోయినంత పనయింది. ఎముక అతికితే ఈ నొప్పి ఎవరిది? చదువుకున్నాయన చెబుతున్నాడు, తనకేం తెలుసు? నోరు మూసుకుంటే రేపే చేనుకు పోవచ్చు కదా అని కూడా అనిపించింది.

కట్టు కోసే మనిషి మిషను ప్లగ్గు పెట్టాడు. రుద్రక్క తన కుడికాలును చీర కిందికి లాక్కుంది.

"ఏమైందక్కా?"

"నీ పేరు పిలిస్తే 'ఆ' అని పలికిన. జల్దీ జల్దీ అని ఎక్స్‌రే రూములకు తోలిన్రు. కుడికాలు పెట్టు అన్నరు. పెట్టిన."

"నీ కాలెందుకు పెట్టినవ్?"

"నంబరు పోతదంటివి గద."

అప్పుడు ఎత్తాడు డాక్టరు తల. ఎక్స్‌రే తీసినవాడు పరుగెత్తుకొచ్చి రుద్రక్క మీద విరుచుకుపడ్డాడు. "చెప్పాలె గదమ్మా."

"నువ్వడిగినవా?" అంది మల్లీశ్వరి. "కట్టు లేని కాలు పెడితే, కట్టేడ పోయిందని ఒక్కడన్న అడిగిండా?"

అడగరు. పేరు కలిస్తే చాలు వీళ్ళకు, కాలు ఎవరిదైతేనేం.

"నంబర్లు అయిపోయినయ్. రేపు రాండ్రి," అన్నాడు ఎక్స్‌రే తీసినవాడు.

"నా కాలుకు ఎక్స్‌రే తీసేదాంక కదల." మల్లీశ్వరి కుర్చీ గుంజుకుని, కట్టుకాలు గుమ్మానికి అడ్డంగా చాపింది. ఎవరు దాటుతారు? తీశారు. పగులు పగులులాగే ఉంది. కట్టు ఉండిపోయింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు.

"అక్కా, రేపు గిర్నీకి ఎవరు పోతరు మరి?"

"నేనే పోత. నా కాలు మంచిగున్నదని డాక్టరే చెప్పిండు గద."