ఖాళీ విడిచిన మూల

మెయిలు బండి మూడింటికి, ఇంకా గంటన్నర ఉంది, సున్నం పచ్చిగానే ఉంది కాబట్టి ఉలి పెడితే ఊడి వస్తుంది, దెబ్బ కొంచెం గట్టిగా పడితే మాత్రం రాయే పగులుతుంది, ఎనిమిది నెలల పని పోతుంది, అనుకుంటూ ఏలియా ఆ పలక ముందు గొంతుక్కూర్చున్నాడు, తాడిపత్రి బండ మీద రాగితీగతో ఏడు కొమ్మల దీపం, అమ్మ చీర జరీతో మంట, పాత రైలు టిక్కెట్లు మెట్లుగా అతికించి పైన యెరూషలేము గుడి, ఎవరూ నేర్పని పని, లోకో షెడ్డులో ఇంజన్లు బిగించే చేతులు వాటంతట అవే నేర్చుకున్న పని, అంతా బాగుంది, కింద అరచేయంత ఖాళీగా విడిచిన మూల మాత్రం ఇప్పుడు సున్నంతో, గాజుముక్కలతో నిండిపోయి ఉంది.

అది ఖాళీగా ఉండాలి, కొంకణ తీరంలో తమ యూదుల ఇంట్లో నాన్న గుమ్మానికి ఎదురుగా మూరెడు గోడ సున్నం వేయకుండా వదిలేవాడు, మన గుడిని కూల్చేశారురా, మనం కట్టేదేదీ పూర్తి కాకూడదు అనేవాడు, ఆ మూల నిండితే అన్న దీన్ని ముట్టడు, మద్రాసు నుంచి పెళ్ళాం పిల్లలతో బొంబాయి ఓడకు పోతూ ఆ మెయిల్లో ఇక్కడ గుంతకల్లులో ఇరవై నిమిషాలు ఆగుతాడు, నీ పెళ్ళాం రాహేలు సమాధి వదిలి నువ్వెలాగూ రానంటివి, నీ పలకైనా ఇవ్వు, ఇశ్రాయేలులో మన ప్రార్థన మందిరంలో పెడతాను అని రాశాడు, ఇక్కడ ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కావాలంటే ఉన్నది తనొక్కడే, ప్రతి శుక్రవారం దీపం ముందు ఒంటి గొంతే, తను పోలేని చోటికి ఈ పలకైనా పోవాలి.

పదేళ్ళుగా ఈ ఇంటికి నీళ్ళు మోసే కదిరమ్మ కడవ దించుతూ, ఏం సామీ అట్ల చూస్తావు, పొద్దున నువ్వు డ్యూటీకి పోయినాక నేనే మెత్తినా, ఇంత సింగారం చేసి ఆ మూల మర్సిపోతివి గదా, అంది, నిన్నెవరు మెత్తమన్నారు, అది మా గుడి కూలిందని గుర్తు, ఏలియా గొంతు పెరిగింది, ఎప్పుడు కూలె సామీ, రెండువేల ఏళ్ళ కింద, అబ్బో, ఇంగా ఏడుస్తాండావా, అంది, ఎగతాళి చేస్తున్నట్టు లేదు, నిజంగానే అడుగుతోంది, సరే పెరికెయ్యి, గాజుముక్కలు మాత్రం పారెయ్యాకు, నాకియ్యి.

ఉలి అంచు సున్నంలోకి దిగింది, ఆకుపచ్చ ముక్క ఒకటి కదిలింది, ఎవరివి ఇవి, నావే సామీ, పోయినేడు కరువుపనిలో బావి గట్టు ఇరిగి నా మొగుడు మట్టికింద పాయె గదా, పదోనాడు చేతి గాజులు పగలగొట్టినారు, ఏరి కొంగున కట్టుకొంటి, యాడ పెట్టాల్నో తెలీకపాయె, ఈడయితే దీపం పక్కనుంటాయని పెడితి.

ఉలి ఆగింది, అన్న ముట్టుకుంటే ముట్టుకుంటాడు లేకపోతే లేదు, కడవ దించే ఆ చేతులు ఏడాదిగా బోసిగా ఉన్నాయి, రోజూ తన కళ్ళ ముందే, రాహేలు పోయినప్పుడు మూడు రోజులు గుమ్మంలో కూర్చున్నది ఈ మనిషే, తను మాత్రం ఎక్కడో కూలిన గుడికి జాగా విడుస్తూ వచ్చాడు, ఈ ఊళ్ళో తనతో మాట్లాడేవాళ్ళే లేరని ఇన్నేళ్ళూ అనుకున్నాడు, తనే ఎవరినీ ఏమీ అడగలేదు.