అత్త ఎక్కితే దగ్గే కారు

అత్త ఎక్కినప్పుడే ఆ కారు దగ్గుతుందన్న మాట మొదట వేళాకోళంగానే పుట్టింది. వేళాకోళాలకు ఒక దుర్గుణం ఉంది. నవ్వినవాళ్ళు మరిచిపోయినా అవి ఇంట్లో ఏ మూలో పడి ఉండి, అదను చూసుకుని నిజం వేషం కట్టుకుని బయటికి వస్తాయి.

అత్త తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిణిగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి మాట తలపెట్టకుండా, తమ్ముడి తల్లిలేని పిల్లలిద్దరినీ తన చేతుల మీదుగా పెంచింది. వానలు మొదలైన నెలలో, మేనల్లుడు బలవంతపెడితే వాళ్ళింటికి వచ్చి చేరింది. మేనకోడలి కాపురం కొండ మీది కాలనీలో. ఆమె ఈమధ్యే బిడ్డను కన్నది. ఆ పసిగుడ్డును ఒక్కసారి ఎత్తుకోవాలని అత్తకు ప్రాణం కొట్టుకుపోతోంది.

అత్త, మేనల్లుడు, అతని భార్య కారులో రెండుసార్లు బయలుదేరారు. రెండుసార్లూ ఎక్కుడు రోడ్డు సగంలో, మలుపు దగ్గర, కారు ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపులు పెట్టింది. స్టీరింగు ముందు ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. చేసేది లేక వెనక్కి తిరిగారు. మర్నాడు మేనల్లుడు ఒక్కడే ఆఫీసుకు వెళితే అదే కారు గుర్రంలా పరుగెత్తింది. మన కారుకి కూడా అత్తంటే హడలే అని అతను నవ్వితే, అత్తా నవ్వింది.

మూడో ప్రయాణం అనుకున్నప్పుడు మాత్రం మేనల్లుడి భార్య గ్లాసులు తోముతూ, వెనక్కి తిరగకుండానే అంది. "ఈసారికి మీరు బస్సులో రండి అత్తయ్యా. కారు మొరాయిస్తే మీకే ఇబ్బంది."

మాట మెత్తగానే ఉంది. చెప్పులో దూరిన రాయి కూడా చిన్నదే ఉంటుంది.

అత్త శకునాలను నమ్మే మనిషి కాదు. పిల్లి ఎదురైతే పాపం దానికి ఏం పనుందో అనుకుని దారి ఇచ్చే రకం. అయినా, ఎక్కిన రెండుసార్లూ ఆగింది, ఎక్కని రోజులన్నీ నడిచింది అన్న లెక్క ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. తర్కం తలలో ఉన్నా, భయం కడుపులో కాపురం ఉంటుంది. అందుకని, మేనల్లుడు కారును షెడ్డుకు తీసుకెళ్తానంటే తనూ బయలుదేరింది. బస్సు మాట అన్న కోడలినీ రమ్మంది.

షెడ్డు యజమానిని అందరూ చెవుల మేస్త్రీ అంటారు. ఇంజిన్ని వినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. స్కానరు తగిలించి చూసి, నాలుగు సిలిండర్లలో రెండింటిలో ఉండి ఉండి మంట అందుకోవడం లేదని చెప్పాడు. నిప్పురవ్వను పుట్టించే కాయిళ్ళను విప్పి, బాగున్న సిలిండర్లవి వీటికీ, వీటివి వాటికీ మార్చి బిగించాడు. కాయిల్‌లో తప్పుంటే దానితోపాటే జబ్బు కూడా కొత్త చోటికి పోతుందన్నమాట. కానీ షెడ్డులో నిలబెట్టి ఎంత రేజ్ చేసినా ఇంజిన్ కూనిరాగం తీస్తున్నట్టే ఉంది.

"దీని దగ్గు ఎప్పుడొస్తుంది బాబూ?"

మేనల్లుడు తల గోక్కున్నాడు. "మా అత్త ఎక్కినప్పుడు."

మేస్త్రీ నవ్వలేదు. అమ్మగారిని ఎక్కించి చూద్దామన్నాడు. అత్త అడ్డుపడింది.

"నన్ను ఎక్కిస్తే ఏం తెలుస్తుంది నాయనా? కారణం నేనో, నా బరువో, ఆ ఎక్కుడో? ఆ కొండ రోడ్డుకి ఈ కారు నేను లేకుండా ఒక్కసారైనా వెళ్ళిందా? నన్ను దింపేసి నా బరువు ఎక్కించండి."

ఎదురుగా పాత ఇనుము కొట్టు ఉంది. కొట్టువాడి కాటా ఎక్కబోయి అత్త ఆగింది. ముందు ఖాళీ కాటా సున్నా దగ్గర నిలుస్తుందో లేదో చూసింది. తర్వాత అతని తూకపు రాయినే అడిగి తీసుకుని, కాటా నాలుగు మూలలా పెట్టి చూసింది. కొట్టువాడు నుదురు తుడుచుకున్నాడు. కాటా సరిగ్గానే ఉందని ఆవిడ తేల్చాక అతనికి ఊపిరి వచ్చింది. అత్త బరువుకీ కోడలి బరువుకీ సరిపడా ఇసుక మూటలు తూచి కారులో సర్దారు. తన మూట కాస్త పెద్దదిగా కనిపిస్తోందని కోడలు గొణిగింది. కాటా అబద్ధం చెప్పదు అమ్మాయ్ అని అత్త తూకానికి కట్టుబడింది.

ఆడవాళ్ళిద్దరూ కొండ కింద దిగిపోయారు. మేనల్లుడు నడుపుతూ, మేస్త్రీ పక్కన స్కానరు పట్టుకుని పైకి వెళ్ళారు. కారు చెట్ల వెనక మాయమైంది. మిగిలింది చప్పుడొక్కటే.

అత్త కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. ఇప్పుడు ఆ చప్పుడు తెగకుండా కొండెక్కిపోతే? కాకతాళీయమని, ఇంకా చాలాసార్లు చూడాలని తను చెప్పగలదు. చెప్పినా ఎవరు వింటారు? తనైనా వింటుందా? ఒక యంత్రం చెడిపోయి ఉంటే బాగుండునని ఆమె కోరుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

కోడలు నేల చూపులు చూస్తూ అంది. "బస్సు మాట నేను అనకుండా ఉండాల్సింది అత్తయ్యా."

"ఉండు. ముందు విననీ."

పైన మలుపు దగ్గర ఇంజిన్ ఒకసారి ఎగదోసుకుంది. ఆ వెంటనే పొలమారినట్టు దగ్గింది. మళ్ళీ దగ్గింది. మళ్ళీ.

అత్త రోడ్డు పక్క రాతిమీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కోడలు పక్కనే కూర్చుని ఆమె భుజం పట్టుకుంది. ఒక కారు అంత ఘోరంగా దగ్గుతుంటే ఇద్దరు మనుషులు అంత సంతోషించడం ఆ రోడ్డు ఎన్నడూ చూసి ఉండదు.

కిందికి వచ్చాక మేస్త్రీ అసలు సంగతి చెప్పాడు. కాయిళ్ళు మారినా జబ్బు పాత సిలిండర్లలోనే ఉంది. అంటే కాయిళ్ళ తప్పు లేదు. ఇంకొకటి, టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి ఈ బండికి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ చూపిస్తోంది. ఎవరైనా పెంచారా?

అందరూ మేనల్లుడి వైపు తిరిగారు. హుషారుగా ఉంటుందని స్నేహితుడి దగ్గర కంప్యూటర్లో కాస్త పెంచించానని అతను నీళ్ళు నమిలాడు. ఎప్పుడని భార్య అడిగింది. వానలు మొదలైన నెలలో.

"అయితే ఆ నెలలో మీ ఇంటికి కొత్తగా వచ్చినవి రెండు," అంది అత్త మేనల్లుడితో. "నేనూ, ఆ ఒత్తిడీ. నువ్వు చేతికందినదాన్ని పట్టుకున్నావు."

మేస్త్రీ ప్లగ్గులు విప్పి చూపించాడు. కొసలు అరిగి సందు పెద్దదైంది. నిప్పురవ్వ ఆ సందు దాటాలి. "ఖాళీ వీధి దాటడం వేరు, సినిమా వదిలినప్పుడు జనంలో దాటడం వేరు కదమ్మా. గాలి ఎంత కిక్కిరిస్తే రవ్వకు అంత కష్టం." ఆఫీసు దారిలో పెడల్ మీద కాలు గట్టిగా వేసే పని లేదు గనుక టర్బోకూ పని లేదు. నిండు బండితో కొండెక్కేటప్పుడే దాని ప్రతాపం. బరువూ ఎక్కుడూ కలిస్తే చాలు, మనిషి ఎవరైనా ఒకటే.

కొత్త ప్లగ్గులు తెచ్చి, రేకు ముక్కతో కొలుస్తూ సందు తగ్గించి బిగించాడు. పెంచిన ఒత్తిడి కూడా దించెయ్యమని సలహా ఇచ్చాడు. దింపేస్తామని మేనల్లుడి కంటే ముందు అతని భార్య మాటిచ్చింది.

ఆ సాయంత్రమే అందరూ బయలుదేరారు. కోడలు వెనక కూర్చుని ముందు సీటు అత్తకు వదిలింది. మలుపు వచ్చింది. అత్త తనకు తెలియకుండానే తలుపు పిడి పట్టుకుంది. మేనల్లుడు పెడల్ నొక్కాడు. ఇంజిన్ ఒకే శ్రుతిలో గట్టిగా పాడుతూ మలుపు దాటేసింది. పిడి మీది చెయ్యి దానంతటదే ఒళ్ళోకి జారింది.

కొండ మీద మేనకోడలు బిడ్డను తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. గుప్పెడంత ముఖం, ముడుచుకున్న పిడికిళ్ళు. అత్త ఒక పిడికిట్లో తన వేలు దూర్చింది. అంతలో బిడ్డకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మేనల్లుడు ఏదో అనబోయి, భార్య చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఇప్పుడే పాలు తాగింది, ఎక్కిళ్ళు రావా?" అంది అత్త, బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమురుతూ. "అనుమానంగా ఉంటే వెళ్ళి ఆ ఇసుక మూట పట్టుకురా. కానీ నేను మాత్రం దీన్ని ఇప్పుడప్పుడే దింపను."